మా కుక్కకు పడే తిండి

మా తమ్ముడు ఆ కుక్కను గుడివాడలో మా ఇంటికి తీసుకొచ్చిన రోజున దానితోపాటు ఒక సంచి కూడా దించాడు. గొలుసు, రెండు స్టీలు గిన్నెలు, పాత దుప్పటి, సగం వాడిన తిండి ప్యాకెట్టు. గోధుమరంగు లాబ్రడార్. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్నాడు. పెళ్ళయి వచ్చిన అమ్మాయికి కుక్కంటే వణుకు.

"కొన్నాళ్ళు ఉంచక్కా. తనకి భయం తగ్గాక తీసుకెళ్తాను. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అన్నాడు. కారెక్కుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "దాని కడుపు కొంచెం సున్నితం. అంతకుమించి ఏ ఇబ్బందీ పెట్టదు," అన్నాడు.

నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా అన్న మాట నాకు కొత్త కాదు. ఆసుపత్రుల బిల్లులు సరిచూసే పని నాది. హైదరాబాదు కంపెనీ, ఉద్యోగం మాత్రం మా వంటింటి పక్క గదిలో. మా ఆయన బందరులో పోర్టు పనుల దగ్గర సూపర్‌వైజరు. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉంటుంది. పగలంతా ఆ మేడ మీద నేనొక్కదాన్నే. గ్యాసు బండ వస్తే నేనే, కరెంటు మనిషి వస్తే నేనే, ఎవరి పార్సిలు వచ్చినా నేనే. ఇక కుక్క కూడా.

కుక్క నిజంగా మంచిది. మొరగదు, కొరకదు, నా కుర్చీ కింద పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. కానీ తిన్న పూటకో, మరుసటి పూటకో దాని కడుపు గుడగుడమనేది. ఆ చప్పుడు నాకు ఫోన్లో మీటింగు మధ్యలో కూడా వినిపించేది. లేచి తలుపు దగ్గరికి పరుగెత్తేది. నేను గొలుసు వెతికేలోపే సగంసార్లు మెట్ల మీదే అయిపోయేది. అప్పుడు అది నా వంక చూడదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడుతుంది. దాన్ని తిట్టడానికి నోరు రాదు. బకెట్టు, ఫినాయిలు తెచ్చుకుని పైమెట్టు నుంచి కింది మెట్టు దాకా కడుక్కుంటూ దిగేదాన్ని.

కింద ఇంటిగలావిడ ఉండేది. పెద్దావిడ, శాకాహారి, మాట కటువు గానీ మనిషి చెడ్డది కాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే ఒక షరతు పెట్టింది. "మీరు కోడికూర వండుకుంటే నేను కాదనను. చేప మాత్రం మెట్లెక్కకూడదమ్మాయ్. ఆ వాసన నాకు పడదు. మా పూజగది సరిగ్గా మీ వంటింటి కిందే ఉంది." మేం సరేనన్నాం. దివిసీమలో పుట్టినదాన్ని, చేప లేకుండా ఉండగలనా అని ఒక్క క్షణం అనిపించింది. నీళ్ళు బాగున్నాయి, బస్టాండు దగ్గర, సరేనన్నాం.

ఆవిడ కుక్కను కూడా కాదనలేదు. పైగా ముద్దు చేసేది. ఆ ముద్దే నాకు పెద్ద చిక్కు. నేను చూడనప్పుడు మెట్ల గ్రిల్లులోంచి బిస్కెట్లు అందించేది. "ఒక్కటే పెట్టానమ్మాయ్, అలా చూస్తూ ఉంటే ఎలా తినబుద్ధవుతుంది?" అనేది. మా ఆయన వస్తూ వస్తూ కోళ్ళ కొట్టు నుంచి కాళ్ళూ మెడలూ తెచ్చేవారు. పాలు పోసే ఆయన పెరుగన్నం పెట్టమన్నాడు. చర్చిలో ఒకావిడ గుమ్మడికాయ ఉడకబెట్టమంది. తమ్ముడు ఫోన్ చేస్తే, "ఆ ప్యాకెట్టు మార్చక్కా, ఇంకో రకం ఉంది," అన్నాడు. నేను అన్నీ చేశాను. పెరుగన్నం మూడోపూటకి వికటించింది. గుమ్మడికాయ తిననే తినలేదు. కొత్త ప్యాకెట్టు మొదట్లో బాగున్నట్టే ఉండి, మళ్ళీ అదే వరస.

గుడివాడలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ ఆవరణ నిండా గేదెలు. డాక్టరు గారు ఓపికగా చూసి, పురుగుల మందిచ్చి, "కుక్కల కేసులు నా దగ్గరికి తక్కువండీ, బందరులో ఒకాయన ఉన్నారు, చూపించండి," అని చెప్పారు. బందరు దూరమేం కాదు. కానీ కుక్కతో బస్సెక్కనివ్వరు. ఆటోవాళ్ళు దాన్ని చూడగానే తల అడ్డంగా ఊపేవారు. చివరికి ఒక ఆదివారం చర్చి మానేసి, కారు మాట్లాడుకుని వెళ్ళాం.

బందరు డాక్టరు గారు మలం పరీక్ష చేయించారు. పురుగుల్లేవు. "తిండే కారణం అయ్యుంటుంది. ముందు మామూలుగా అందరికీ చెప్పేదే చెప్తున్నాను. కోడి మాంసం, తెల్లన్నం మెత్తగా ఉడికించి పెట్టండి. ఉప్పు, కారం, నూనె, ఏవీ వద్దు. తగ్గకపోతే వేరేది చూద్దాం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఒకసారి ఒక్క రకమే పెట్టాలి. ఇంట్లో అందరూ తలో చెయ్యీ వేస్తే ఏది పడలేదో ఎవరికీ తెలీదు."

ఆ చివరి మాట ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. అందరూ తలూపారు. మూడు రోజులు నిలబడ్డారు. తర్వాత గ్రిల్లులోంచి మళ్ళీ బిస్కెట్టు వచ్చింది.

అప్పటి నుంచి నేను కాపలా మనిషినయ్యాను. తలుపు వేసి గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. కూరగాయలకి కూడా దిగేదాన్ని కాదు, బుట్ట తాడుతో కిందికి వదిలేదాన్ని. మా పెదనాన్న మనవరాలి పెళ్ళి బందరులో జరిగితే, చర్చిలో ప్రార్థన అవగానే భోజనానికి కూర్చోకుండా బయటికొచ్చి బస్సెక్కేశాను. "కుక్క కోసం పెళ్ళి భోజనం వదిలి పోయింది," అని చాలా రోజులు నవ్వుకున్నారట. నవ్వితే నవ్వారు. వచ్చేసరికి అది తలుపు వెనక మడుగులో నిలబడి ఉంది. ఆ రోజు చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నేల తుడుస్తూ, నేను దాన్ని కాస్తున్నానా, అది నన్ను కట్టేసిందా అనుకున్నాను. కళ్ళ నీళ్ళు ఆగలేదు. అది దూరంగా కూర్చుని చూసింది. దగ్గరికి రావడానికి దానికీ ధైర్యం చాల్లేదు.

డాక్టరు చెప్పినట్టు కోడి, అన్నం మానకుండా పెట్టాను. అయినా కడుపు కుదరలేదు. దాని ఒళ్ళు తగ్గిపోయి పక్కటెముకలు చేతికి తగలడం మొదలెట్టాయి.

ఆ వానాకాలంలో మా అమ్మకి కంటి శుక్లం ఆపరేషను చేయించాల్సి వచ్చింది. అమ్మ నాగాయలంక అవతల మా ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఒంటరిదాన్నని ఎప్పుడూ అనుకోదు, గేదె ఉంది, చర్చి ఉంది, ఇంటి చుట్టూ బంధువులే. కానీ కంటికి కట్టు కట్టించుకున్నాక కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, వంగకూడదు. కుక్కను కొన్నాళ్ళు ఉంచుకోమని తమ్ముడికి ఫోన్ చేశాను.

"మా ఆవిడకి నెల తప్పిందక్కా. ఇప్పుడెలా?" అన్నాడు. గొంతులో సంతోషం, ఇబ్బంది రెండూ ఉన్నాయి. ఇంకేమంటాను? దీవించి పెట్టేశాను. మా ఆయన సెలవు అడిగితే పని తొందరలో ఉందని ఇవ్వలేదు. అందుకని అమ్మ దగ్గరికి కుక్కనే వెంట తీసుకెళ్ళాను. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కారు వెళ్తుంటే అది దారంతా కిటికీలోంచి తల బయటపెట్టి ముక్కు ఎగరేస్తూనే ఉంది. వెళ్ళినన్నాళ్ళకీ సరిపడా ప్యాకెట్టు తిండి, ఉడికించి ఐసు డబ్బాలో పెట్టిన కోడి మాంసం పట్టుకెళ్ళాను.

అవనిగడ్డలో అమ్మ కంటి ఆపరేషను బాగానే అయింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టిన మర్నాడు వాన పట్టింది. ఆ మర్నాడు, పైన బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని, కృష్ణ నిండుగా వస్తోందని మైకులో చెప్పుకుంటూ పోయారు. కరకట్ట తెగలేదు గానీ మురుగు కాలవలు ఎగదన్నాయి. పొలాలు మునిగి, ఆ నీళ్ళు ఊళ్ళోకి వచ్చి, రోడ్డు ఎక్కడుందో తెలియకుండా పోయింది. మా ఇంటి మెట్లలో పైవి మాత్రం బయటికి కనిపించేవి. కరెంటు పోయింది. గేదెను కరకట్ట మీదికి తోలుకెళ్ళారు. కంటికి కట్టున్న అమ్మ, కడుపు బాగోని కుక్క, నేను. రెండు గదులు, పైన డాబా.

గుడివాడలో తలుపు నేనే వేసుకున్నాను. ఇక్కడ నీళ్ళు వేశాయి. తేడా అంతే.

కోడి మాంసం మొదటి రోజే వాసనొచ్చింది, పారబోశాను. ప్యాకెట్టు తిండి పెట్టిన గదిలో పైకప్పు కారి సంచి అడుగు నానిపోయింది. బూజు పట్టి పనికిరాకుండా పోయింది. ఊళ్ళో కోళ్ళ కొట్టు మునిగింది. పడవ మీద వచ్చినవాళ్ళు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు ఇచ్చారు. కుక్క పొట్లం వాసన చూసి నా మొహం చూసింది. పులిహోర అంటేనే నూనె, చింతపండు, మిరపకాయలు. అది పెడితే ఈ రెండు గదుల్లో మా ముగ్గురి గతేమిటి?

"వాడికి ఏదో ఒకటి పెట్టవే. నోరులేనిదాన్ని పస్తుంచుతావా?" అంది అమ్మ. ఆమెకి అది మొదటి రోజు నుంచీ 'వాడే'.

"ఏది పెట్టినా పోతుందమ్మా. నాకు భయంగా ఉంది."

"భయపడితే తిండి పుడుతుందా?"

గంజి కాచి పోశాను. తాగింది. ఆ రోజు సాయంత్రం పక్కింటి మావయ్య నడుంలోతు నీళ్ళలో వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. చేతిలో వల సంచి. పొలాల్లోంచి కొట్టుకొచ్చిన కొరమేనులు వాళ్ళ దొడ్లోనే పడ్డాయట. "మీ అమ్మకి పులుసు పెట్టమ్మా, ఒంటికి మంచిది," అని రెండు చేపలు ఇచ్చి వెళ్ళాడు.

చేప ఒలిచి ఎన్నాళ్ళయిందో. బూడిద రాసి రుద్దుతుంటే చేతులు వాటంతటవే పనిచేశాయి. కుక్క వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. నోట్లోంచి నీరు కారి నా చీర మీద పడుతోంది. పులుసుకి ముక్కలు తీశాక, కాస్త మాంసం ఉప్పు కూడా వెయ్యకుండా విడిగా ఉడికించాను. కొరమేనుకి ముళ్ళు తక్కువ. అయినా వేళ్ళతో నలిపి, నలిపి, ఒక్క ముల్లు కూడా లేదని తేలాకే అన్నంలో కలిపాను. పెట్టేముందు అమ్మ, "ఉండు," అంది. మంచం మీద నుంచే చెయ్యి చాపి, "ప్రభువా, ఈ మూగజీవి కడుపు బాగుచెయ్యి. మా అమ్మాయికి విసుగు తగ్గించు. ఆమెన్," అంది.

"రెండోది ఎందుకమ్మా?"

"నీ మొహం నాకు ఒక కంటికే కనిపిస్తోంది. ఆ ఒక్క కన్నూ చాలు."

కుక్క గిన్నె మెరిసిపోయేలా నాకింది. నేను దాని పక్కనే నేల మీద కూర్చుని చప్పుడు కోసం చెవి ఒగ్గాను. వాన చప్పుడే వినిపించింది. పొద్దున్నే డాబా మీదికి తీసుకెళ్ళాను. ఓ మూల కూర్చుంది. ముద్దగా వచ్చింది. ఇలాంటిదానికి మనిషి సంతోషపడుతుందా అంటే, ఆ వానలో నేను పడ్డాను. కిందికి దిగి అమ్మకి చెబితే, "ఈ వార్త పేపర్లో వేయించు," అంది.

ఒక్క పూటని నమ్మలేను కదా. ఆ తర్వాత కూడా నీళ్ళు తీసేదాకా అదే. తెల్లన్నం, కొరమేను. దొరకని రోజున ఉత్త గంజి. అక్కడ గ్రిల్లు లేదు, బిస్కెట్టు లేదు, కోళ్ళ కొట్టు లేదు. ఊరంతా నీళ్ళలో ఉంటే దానికి ఇంకొకటి పెట్టడానికి ఎవరికీ దారి లేదు. రోజూ పొద్దున డాబా మీదికి తీసుకెళ్ళి చూసేదాన్ని. రోజూ బాగానే ఉండేది. నీళ్ళు తగ్గి రోడ్డు బురదతో బయటపడేసరికి అది డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు పెడుతోంది.

ఫోన్లో చార్జింగు వచ్చాక బందరు డాక్టరు గారికి చెప్పాను. ఆయన, "అయితే కోడే పడట్లేదేమోనండీ. కొన్ని కుక్కలకి అంతే. మీరు పెట్టిన ప్యాకెట్లు రెండింట్లోనూ కోడి ఉంటుంది. ఇంటికెళ్ళాక కొన్నాళ్ళు ఇదే తిండి నడిపించి, తర్వాత ఒక్కసారి కోడి ముక్క పెట్టి చూడండి. తేలిపోతుంది," అన్నారు.

ఇదే తిండి నడిపించమన్నారు. ఏ ఇంట్లో? తిరిగొచ్చే దారిలో కారు గుడివాడ చేరుతుంటే ఆ ఇంటి షరతు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అన్నీ పెట్టాను, చేప తప్ప. చేప ఎందుకు పెట్టలేదంటే ఆ మెట్లెక్కకూడదు కనుక.

ముందు దాచి చేద్దామనుకున్నాను. కిటికీలన్నీ మూసి, మూత పెట్టి, కొంచెమే ఉడికించాను. అగరొత్తులు వెలిగించాను. కాసేపటికి కింది నుంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్, ఏం వండుతున్నావు?"

దిగి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. వరద, కొరమేను, డాక్టరు మాట. ఆవిడ శ్రద్ధగా విన్నది. కుక్క తల నిమిరింది. "పాపం, దీనికి ఒళ్ళు వచ్చింది కూడా," అంది. తర్వాత మెల్లగా, "నా వల్ల కాదమ్మాయ్. ఆ వాసనకి నాకు కడుపులో తిప్పుతుంది. నిన్ను పొమ్మనను. కానీ ఇంకోసారి వండితే నేను ఇక్కడ ఉండలేను," అంది. ఆవిడ అబద్ధమాడటం లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

ఇక వండే దారి లేక ఆ వారం కోడి ముక్క పెట్టాను. డాక్టరు చెప్పిన పరీక్ష అలా ముందే అయిపోయింది. తెల్లారేసరికి మెట్లన్నీ మళ్ళీ కడిగాను. ఈసారి మా ఆయన కూడా బకెట్టు పట్టుకున్నారు. కింది మెట్టు దగ్గర నడుం పట్టుకుని నిలబడి, "ఇల్లు మారదాం. బందరు వెళ్ళిపోదాం, నాకూ బస్సు తప్పుతుంది," అన్నారు. నేను చాలా ఏళ్ళుగా వినాలనుకున్న మాట అదేనని అప్పుడు తెలిసింది.

అనుకున్నంత తేలిక కాలేదు. బందరులో ప్రతి గుమ్మం ముందూ మొదటి ప్రశ్న మీరెవరు, రెండోది మాంసం తింటారా. ఆ రెండూ దాటితే మూడోది కుక్క. చేపలకి సరేనన్నవాళ్ళు కుక్క వద్దన్నారు, కుక్కకి సరేనన్నవాళ్ళు చేపలు వద్దన్నారు. కుక్కను కార్లో కూర్చోబెట్టి ఇళ్ళు చూసేవాళ్ళం. ఎండకి అది రొప్పుతూ అద్దంలోంచి చూసేది. ఒక సందులో నిలబడి మా ఆయనతో, "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామండీ," అన్నాను. ఆయన, "ఎవరికిస్తావు? ఏం పెట్టాలో వాళ్ళకి చెప్తావు, వాళ్ళు వింటారా?" అన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ కుక్క కడుపు సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు.

చివరికి ఒక ముస్లిం కుటుంబం వాళ్ళ ఇంటి వెనక భాగం ఇచ్చారు. ఆ ఇంటి పెద్దావిడ మమ్మల్ని పెరట్లోనే కూర్చోబెట్టి మాట్లాడింది. "చేపలకేం అభ్యంతరం లేదమ్మా, మేమూ తింటాం. కుక్క మాత్రం మా వైపు రాకూడదు. మేం నమాజు చేసుకునే ఇల్లు. మీ గేటు వేరే ఉంది, మధ్యలో తడిక కట్టుకోండి." తడిక కట్టించాం. అదే వారం దిగిపోయాం.

ఇక్కడ చేపకి కొదవలేదు. రోజూ పొద్దున ముళ్ళు తీయడమే నా మొదటి పని. వేళ్ళ నుంచి ఆ వాసన ఎంత సబ్బు పెట్టినా పోదు. కుక్క కుదురుకుంది. కానీ నేను మటుకు తలుపు మీద కన్ను తీయలేదు. ఎవరి చేతిలో ఏముంటుందో అన్న భయం అలవాటైపోయింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పెద్దావిడ తడిక అవతల నిలబడి ఉంది. చేతిలో గిన్నె.

"ఇవాళ వేటమాంసం తెచ్చాం. మసాలా వెయ్యకముందే మీ కుక్కకని రెండు ముక్కలు తీసిపెట్టాను. పెట్టొచ్చా, పెట్టకూడదా? పెట్టకూడదంటే నేనేం అనుకోను."

ఇన్నాళ్ళలో ఆ కుక్కకి పెట్టబోయే ముందు నన్ను అడిగిన మనిషి ఆవిడే. "తెలీదండీ. డాక్టరు గారిని అడుగుతాను," అన్నాను. "అడుగమ్మా, ఫ్రిజ్‌లో ఉంచుతాను," అని గిన్నె వెనక్కి తీసుకెళ్ళింది.

డాక్టరు కొంచెం పెట్టి, కొన్నాళ్ళు చూడమన్నారు. పెట్టాను. చూశాను. ఏమీ కాలేదు. అంటే ఇప్పుడు దానికి పడేవి రెండు.

అమ్మకి రెండో కన్ను ఆపరేషను ఈ మధ్యే అయింది. ఈసారి కుక్కను మా ఆయనకి వదిలి, ముళ్ళు తీసిన చేప డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్కదాన్నే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. చల్లపల్లి దగ్గర ఆయనే ఫోన్ చేశారు. "తిన్నది. పడుకుంది. నువ్వు హాయిగా వెళ్ళు."

"ఇంకేం పెట్టలేదు కదండీ?"

"లేదు."

"బిస్కెట్టు కూడా?"

"లేదని చెప్తున్నాగా."

సరేనన్నాను. అవనిగడ్డ వచ్చేదాకా ఫోను చేతిలోంచి సంచిలో పెట్టలేకపోయాను.